చక్రం మారితే గమనం మారుతుంది

మానవుడు రూపొందించుకొన్న సాధనాలలో చక్రానిది విశిష్టమైన స్థానం. సుమారు 5,500 సంవత్సరాల క్రితమే చక్రాల బండ్లు వాడుకలో ఉన్నట్లు పురావస్తు ఆధారాలు చెబుతున్నాయి. నాటి నుండి నేటి వరకు బండి మారింది, దానిని లాగే శక్తి మారింది, అది నడిచే బాట మారింది. కాని నేలకూ బండికీ నడుమ నిలిచి, బరువును మోసి, గమనాన్ని సాధ్యం చేసేది మాత్రం ఎప్పుడూ చక్రమే. అటువంటి చక్రాన్ని మార్చినప్పుడు బండి రూపం ఒక్కటే మారుతుందా? దాని వేగం, నిలకడ, ఆగే తీరు కూడా మారుతాయా? నేడు కారు కొన్న ప్రతి యువకుడూ వేసుకోవలసిన ప్రశ్న ఇది. దీనికి సమాధానం వెదకడానికి మన పల్లెల ఎడ్లబండి దగ్గరే మొదలుపెట్టవచ్చు.

ఎడ్లబండి నేర్పిన పాఠం

బీబీపేట కామారెడ్డి జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు పూర్వం అది నిజామాబాదు జిల్లా దోమకొండ మండలంలో ఉండేది. తెలంగాణలోని ఇతర పల్లెల వలెనే ఈ ప్రాంతంలోనూ ఒకప్పుడు పొలానికి ఎరువు తోలినా, ఇంటికి పంట చేర్చినా, అంగడికి ధాన్యం తరలించినా ఎడ్లబండే ఆధారం.

ఆ బండి చక్రాన్ని వడ్రంగి, కమ్మరి కలిసి తయారుచేసేవారు. మధ్యలో ఇరుసు దూరే కుండ, దానిలో బిగించిన ఆకులు, ఆ ఆకుల కొసలను కలుపుతూ చుట్టుకర్ర - ఇవి వడ్రంగి పనులు. చుట్టుకర్రపై ఇనుప పట్టా ఎక్కించడం కమ్మరి పని. పట్టాను చక్రం చుట్టుకొలత కన్న కొంచెం చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చేవారు. వేడికి వ్యాకోచించిన పట్టాను పట్టుకారులతో పట్టి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్లు పోసేవారు. చల్లారిన ఇనుము సంకోచించి చుట్టుకర్రను, ఆకులను, కుండను ఒక్కటిగా బిగించేది. ఒకటిన్నర మీటర్ల వ్యాసం గల చక్రం చుట్టుకొలత సుమారు 4.7 మీటర్లు. అంత పొడవు గల ఇనుప పట్టా ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్ మేరకు పెరిగితే, అది దాదాపు 28 మిల్లీమీటర్లు సాగుతుంది. మీరు భౌతికశాస్త్రంలో చదివే దైర్ఘ్య వ్యాకోచ సూత్రాన్ని ఆ కమ్మరి చేతి అనుభవంతో ఎరిగినవాడు. ఒకప్పుడు మేలైన ఉక్కుకు దేశదేశాలలో పేరుపొందిన కోనసముద్రం కూడ పూర్వపు నిజామాబాదు జిల్లాలోనిదే కావడం ఇక్కడ గుర్తు చేసుకోదగినది.

తరువాతి కాలంలో కర్రచక్రాల స్థానంలో గాలి నింపిన రబ్బరు చక్రాలు వచ్చాయి. జనం దానిని టైరుబండి అన్నారు. ఇనుప పట్టా సన్ననిది. బరువంతా కొద్దిపాటి చోట పడడం వల్ల అది బాటను కోసేది, మెత్తని నేలలో దిగబడేది. రబ్బరు టైరు ఆ బరువును ఎక్కువ చోటికి పంచింది. చదునైన బాటపై ఎడ్ల శ్రమ తగ్గింది. అవే ఎడ్లు మునుపటి కన్న ఎక్కువ బరువు లాగగలిగాయి.

ఇంతవరకు అంతా లాభమే. కాని బండి వాలులోకి దిగేటప్పుడు మరొక సంగతి బయటపడింది. సంప్రదాయపు ఎడ్లబండికి ప్రత్యేకించి బ్రేకు ఉండదు. బండిని ఆపేది కూడ ఎడ్ల మెడలే. తేలికగా దొర్లే చక్రం, దానిపై పెరిగిన బరువు - రెండూ కలిసి వాలులో ఎడ్లను ముందుకు తోసేవి. లాగడం సులభమైనంతగా ఆపడం సులభం కాలేదు. బెంగళూరులోని భారతీయ నిర్వహణ సంస్థకు తొలి సంచాలకులైన ఎన్.ఎస్. రామస్వామి ఎడ్లబండిని సంస్కరించాలని దీర్ఘకాలం కృషి చేశారు. పశువుల బాధను తగ్గించడం ఆయన ఆశయాలలో ఒకటి. బండిని బాగుచేయడమంటే చక్రం ఒక్కటే మార్చడం కాదని, కాడి మొదలు బ్రేకు వరకు అన్నిటినీ కలిపి ఆలోచించాలని ఈ అనుభవం మనకు తెలుపుతుంది.

ఈ పాఠం ఎడ్లబండితోనే ముగియలేదు. నేడు మన ఇళ్ల ముందు నిలిచే కారుకూ అది అక్షరాలా వర్తిస్తుంది.

గాలి టైరు పుట్టుక

రబ్బరు సహజస్థితిలో ఎండకు మెత్తబడుతుంది, చలికి బిరుసెక్కుతుంది. 1839లో అమెరికాకు చెందిన ఛార్లెస్ గుడ్ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే ఈ దోషం పోతుందని కనుగొన్నాడు. 1845లో స్కాట్లండు దేశీయుడు రాబర్ట్ విలియం థామ్సన్ గాలి నింపిన టైరుకు పేటెంటు పొందాడు. అయితే ఆ కాలానికి అది ఆదరణ పొందలేదు. 1888లో బెల్‌ఫాస్ట్ నగరంలోని పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రాల సైకిలు కుదుపు లేకుండా నడవాలని గాలి టైరును మళ్లీ రూపొందించాడు. అది ప్రపంచమంతటా వ్యాపించింది. 1895లో మిషలిన్ సోదరులు పారిస్-బోర్డో-పారిస్ పందెంలో గాలి టైర్లు అమర్చిన కారును నడిపారు. దారిలో ఎన్నోమార్లు పంక్చర్లు అయినా, కారు కూడ గాలిపై నడవగలదని ఆ ప్రయత్నం నిరూపించింది. 1946లో అదే సంస్థ రేడియల్ టైరుకు పేటెంటు తీసుకొంది. నేడు మన కార్లకు ఉన్నవి దాదాపుగా అన్నీ ఈ రకమైనవే. మన రాష్ట్రంలో సంగారెడ్డి జిల్లా సదాశివపేటలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో చినపాండూరులోనూ టైర్ల కర్మాగారాలున్నాయి.

అరచేయంత ఆధారం

కారు ఎంత పెద్దదైనా అది నేలను తాకే చోటు ఎంత? ఒక చిన్న లెక్క వేద్దాం. మనుషులతో కలిపి 1,000 కిలోలు తూగే కారులో ఒక్కొక్క చక్రంపై సగటున 250 కిలోల బరువు పడుతుంది. టైరులోని గాలి పీడనం చదరపు అంగుళానికి 33 పౌన్లు, అనగా చదరపు సెంటీమీటరుకు సుమారు 2.3 కిలోలు. 250ని 2.3తో భాగిస్తే దాదాపు 109 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. టైరు గోడల బిరుసుతనం వల్ల ఈ లెక్క కొంత అటూ ఇటూ కావచ్చు. అయినా స్థూలంగా ఇది ఒక అరచేయి వైశాల్యం. నాలుగు చక్రాలకు నాలుగు అరచేతులు.

కారు ముందుకు కదలడానికి, మలుపు తిరగడానికి, ఆగడానికి కావలసిన బలమంతా ఈ నాలుగు అరచేతుల మేర చోటు గుండానే నేలకు చేరాలి. ఇంజను ఎంత శక్తిమంతమైనా, బ్రేకులు ఎంత గొప్పవైనా, టైరు పట్టును మించి అవి చేయగలిగినది ఏమీ లేదు. కనుక చక్రాన్ని, టైరును మార్చడమంటే కారుకు నగ పెట్టడం కాదు. అది నిలిచిన కాళ్లను మార్చడం.

టైరుపై అంకెల భాష

టైరు పక్కగోడపై 185/65 ఆర్ 15 88 హెచ్ వంటి గుర్తులు కనిపిస్తాయి. వీటిలో 185 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 65 అనేది పక్కగోడ ఎత్తు; అది వెడల్పులో 65 శాతమని అర్థం. ఆర్ అనగా రేడియల్. 15 అనేది టైరు ఎక్కే రిమ్ము వ్యాసం, అంగుళాలలో. 88 అనేది భారసూచిక. ఆ టైరు 560 కిలోల వరకు మోయగలదని దాని భావం. హెచ్ అనేది గంటకు 210 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్ని సూచించే అక్షరం.

ఈ అంకెల నుండి చక్రం మొత్తం వ్యాసాన్ని మనమే లెక్కించవచ్చు. 185లో 65 శాతం 120.25 మిల్లీమీటర్లు. పైనా కిందా కలిపి 240.5. పదిహేను అంగుళాల రిమ్ము 381 మిల్లీమీటర్లు. మొత్తం వ్యాసం 621.5 మిల్లీమీటర్లు. అనగా చక్రం ఒక్క చుట్టు తిరిగితే కారు సుమారు 1.95 మీటర్లు ముందుకు సాగుతుంది. కారులోని గేర్లు, బ్రేకులు, వేగాన్ని చూపే మీటరు అన్నీ ఈ కొలతను ఆధారం చేసుకొనే రూపొందినవి.

వ్యాసం పెరిగితే

బీబీపేటలో ఒక యువకుడు ఈ కొలత టైర్లున్న కారు కొన్నాడనుకొందాం. కారు ఠీవిగా కనిపించాలని అతడు పదహారు అంగుళాల రిమ్ములకు 205/65 టైర్లు వేయించాడు. కొత్త చక్రం వ్యాసం 672.9 మిల్లీమీటర్లు. పాతదానికన్న ఇది 8 శాతానికి పైగా ఎక్కువ. ఒక్క చుట్టుకు కారు ఇప్పుడు 2.11 మీటర్లు సాగుతుంది.

దీని ఫలితాలు ఒకటొకటిగా చూద్దాం. మొదటిది, మీటరు లెక్క తప్పుతుంది. అది చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించి వేగాన్ని చూపుతుంది. చక్రం పెద్దదయిందని దానికి తెలియదు. ఇంతకు ముందు సరిగా చూపిన మీటరు ఇప్పుడు 80 అని చూపేటప్పుడు కారు నిజానికి 86.6 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. గతిజశక్తి వేగ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కదా! కావున ఆ శక్తి 17 శాతం ఎక్కువ. బ్రేకు వేసిన తరువాత ఆగడానికి పట్టే దూరమూ ఆ మేరకు పెరుగుతుంది. సాధారణంగా కారు మీటర్లు అసలు వేగం కన్న కొంచెం ఎక్కువే చూపేటట్లు అమర్చి ఉంటాయి. పెద్ద టైరు ఆ కొద్దిపాటి రక్షణను హరిస్తుంది.

రెండవది, లాగుడు తగ్గుతుంది. ఇంజను చక్రానికి అందించే టార్క్ మారలేదు. కాని ఇరుసు నుండి నేలకు గల దూరం పెరిగింది. టార్క్‌ను వ్యాసార్థంతో భాగిస్తే వచ్చేదే నేలపై పనిచేసే బలం. కనుక ఆ బలం 7 శాతానికి మించి తగ్గుతుంది. కారు మందకొడిగా కదులుతుంది, ఎత్తు ఎక్కడానికి కింది గేరును ఆశ్రయిస్తుంది. జాతీయ రహదారిపై ఒకే వేగంతో పోయేటప్పుడు మాత్రం ఇంజను కొంత నెమ్మదిగా తిరుగుతుంది. ఇది చిన్న లాభం.

మూడవది, బ్రేకుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. మునుపటి బలంతో తొక్కితే నేలపై కలిగే నిరోధం తగ్గుతుంది. అంతే నిరోధానికి పెడలును ఎక్కువ బలంతో తొక్కాలి. నాల్గవది, కారు సుమారు 26 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. గోతుల బాటపై అడుగు భాగం తగలకపోవడం మేలే. కాని గరిమనాభి పైకి పోవడం వల్ల మలుపులలో కారు ఒరగడం పెరుగుతుంది. స్టీరింగును పూర్తిగా తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డు లోపలి భాగానికి రాసుకొనే ప్రమాదమూ ఉంది.

ఆ యువకుని ఇంట బండి తోలిన తాత ఒకరు ఉంటే, కొత్త చక్రాలను చూసి ఏమంటారు? "మంచిగనే ఉన్నది బిడ్డా, పరుగు పెరిగింది సరే, ఆపే బలం పెరిగిందా?" అని అడగవచ్చు. టైరుబండి వాలులో దిగినప్పుడు ఎడ్ల మెడలపై పడిన భారాన్ని చూసిన కళ్లకు ఆ ప్రశ్న సహజంగానే తోస్తుంది.

ఇదే యువకుడు 205/65కు బదులు 195/55 టైరును పదహారు అంగుళాల రిమ్ముపై వేయించి ఉంటే? దాని వ్యాసం 620.9 మిల్లీమీటర్లు. పాతదానితో దాదాపు సమానం. మీటరు తప్పదు, గేర్లకూ బ్రేకులకూ ఇబ్బంది ఉండదు. రిమ్ము పెద్దదయినప్పుడు పక్కగోడను ఆ మేరకు తగ్గించి మొత్తం వ్యాసాన్ని నిలుపుకోవడమే సరియైన పద్ధతి. అయినా ఇక్కడ కూడ జాగ్రత్త అవసరం. ఈ కొలతలో లభించే కొన్ని టైర్ల భారసూచిక 87, అనగా 545 కిలోలు. ఇది పాత టైరు మోసే బరువు కన్న తక్కువ. కుటుంబమంతా సామానుతో ప్రయాణించే కారుకు ఈ తేడా ఉపేక్షింపదగినది కాదు. భారసూచిక పాతదానికి సమానంగానో, ఎక్కువగానో ఉన్న టైరునే ఎన్నుకోవాలి.

వెడల్పు - వాన

వెడల్పాటి టైరు రోడ్డును గట్టిగా పట్టుకొంటుందని అందరూ అనుకొంటారు. ఘర్షణ బలం స్పర్శతల వైశాల్యంపై ఆధారపడదని మీరు పాఠంలో చదివి ఉంటారు. ఈ రెండింటిలో ఏది నిజం? చెక్క, లోహం వంటి గట్టి పదార్థాల విషయంలో పాఠంలోని సూత్రం చాలవరకు సరిపోతుంది. కాని రబ్బరు సాగే పదార్థం. అది రోడ్డుపై గల సూక్ష్మమైన ఎగుడుదిగుళ్లలోకి ఒదిగి పట్టు సాధిస్తుంది. ఒకే చోట పీడనం అధికమయ్యేకొద్దీ రబ్బరు ఘర్షణ గుణకం తగ్గుతుంది. గాలి పీడనం మారకపోతే వెడల్పాటి టైరు నేలను తాకే వైశాల్యం పెద్దగా మారదు. దాని ఆకారం మాత్రం మారుతుంది. పొడవు తగ్గి వెడల్పు పెరుగుతుంది. ఈ ఆకారం పొడి రోడ్డుపై, ముఖ్యంగా మలుపులలో, కారుకు మంచి పట్టునిస్తుంది.

అయితే వానాకాలంలో కథ మారుతుంది. రోడ్డుపై నీరు నిలిచినప్పుడు టైరు తన గాళ్ల గుండా ఆ నీటిని పక్కకు నెట్టి నేలను తాకాలి. వేగం మితిమీరితే నీటిని నెట్టే వ్యవధి చాలదు. టైరు నీటి పొరపైకి ఎక్కి తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా కారు మాట వినదు. వెడల్పాటి టైరు ఎక్కువ నీటిని పక్కకు తోయవలసి ఉంటుంది కనుక దానికి ఈ ప్రమాదం ఎక్కువ.

ఈ తేలే వేగానికీ టైరులోని గాలి పీడనానికీ సంబంధం ఉన్నదని 1960ల దశకంలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పరిశోధకులు విమానాల టైర్లపై చేసిన ప్రయోగాలలో గుర్తించారు. ఆ సూత్రం ప్రకారం, తగినంత లోతు నీటిలో, 33 పౌన్ల గాలి గల టైరు గంటకు సుమారు 95 కిలోమీటర్ల వేగం వద్ద తేలుతుంది. గాలి 22 పౌన్లకు పడిపోతే ఆ వేగం సుమారు 78 కిలోమీటర్లకు దిగుతుంది. కామారెడ్డి మీదుగా సాగే 44వ జాతీయ రహదారిపై ఈ వేగాలు అసాధారణమైనవి కావు. పంక్చరు దుకాణంలో కొద్ది నిమిషాలు ఆగి గాలి చూపించుకోవడం ఎంత విలువైన పనో ఈ లెక్క చెబుతుంది.

వెడల్పు మరొక మూల్యాన్నీ అడుగుతుంది. టైరు దొర్లేటప్పుడు నేలను తాకే భాగం నొక్కుకుపోయి తిరిగి లేస్తుంది. నొక్కడానికి వినియోగమైన శక్తి అంతా తిరిగి రాదు; కొంత వేడిగా మారుతుంది. దొర్లుడు ఘర్షణకు ఇదే ముఖ్య కారణం. వెడల్పాటి, బరువైన టైర్లలో సాధారణంగా ఈ నష్టం ఎక్కువ. దానికి గాలి నిరోధం కూడ తోడై ఇంధన ఖర్చు పెరుగుతుంది. గాలి తక్కువైన టైరు సంగతీ ఇంతే.

బరువు - గోతులు

అల్యూమినియం మిశ్రమలోహంతో చేసిన చక్రాలను మనం అల్లాయ్ వీల్స్ అంటున్నాం. ఇవి ఉక్కు చక్రాల కన్న ఎప్పుడూ తేలికని చాలామంది నమ్మకం. కొలత ఒక్కటే అయినప్పుడు తేలికగా ఉండవచ్చు. కాని పదిహేను అంగుళాల ఉక్కు చక్రం స్థానంలో పదిహేడు అంగుళాల అల్లాయ్ చక్రం పెడితే బరువు పెరగడమూ కద్దు.

తిరిగే బరువుకు రెండు పనులున్నాయి. అది కారుతో పాటు ముందుకు సాగాలి. తన చుట్టూ తాను తిరగాలి. చక్రం అంచున ఉన్న ఒక కిలో బరువును వేగవంతం చేయడానికి, కారు లోపల ఉన్న కిలోకు కావలసిన శక్తికి దాదాపు రెండింతలు కావాలి. ఒక్కొక్క చక్రం మూడు కిలోలు పెరిగితే నాలుగింటికి పన్నెండు కిలోలు. వేగం పుంజుకొనేటప్పుడు అది ఇంచుమించు ఇరవై నాలుగు కిలోల బరువు వలె ప్రవర్తిస్తుంది. దీనికన్న ముఖ్యమైనది సుఖం, నిలకడ. చక్రం స్ప్రింగులకు దిగువన ఉంటుంది. గోతిలో పడి లేచిన బరువైన చక్రాన్ని స్ప్రింగులు వెంటనే నేలకు అదమలేవు. ఆ క్షణకాలం పట్టు తగ్గుతుంది, కుదుపు పెరుగుతుంది.

పక్కగోడ తగ్గించిన టైరు స్టీరింగు మాటను వెంటనే వింటుంది. ఇది నిజమైన లాభం. కాని కుదుపును ఓర్చుకొనే రబ్బరు, గాలి తగ్గిపోయాయి. చదునైన రహదారిపై హాయిగా నడిచే అదే కారు పల్లెబాటలో గోతిలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. ఉక్కు రిమ్ము సాధారణంగా వంగుతుంది. అల్లాయ్ రిమ్ము పగలవచ్చు. రోజూ ఎటువంటి బాటపై తిరుగుతామో ఆలోచించిన తరువాతనే చక్రాన్ని ఎన్నుకోవాలి.

చక్రాన్ని ఇరుసుకు బిగించే తలం చక్రం మధ్యరేఖకు ఎంత దూరాన ఉన్నదో తెలిపే కొలతను ఆఫ్‌సెట్ అంటారు. చక్రాలు బయటికి పొడుచుకొని కనిపించాలని ఈ కొలతను మార్చేవారున్నారు. అప్పుడు బరువు పడే చోటు బేరింగుకు దూరమై, దానిపై వంపు భారం పెరుగుతుంది. బేరింగులు త్వరగా అరుగుతాయి. గోతులలో స్టీరింగు చేతిని లాగుతుంది. బోల్టుల సంఖ్య, వాటి నడుమ దూరం, మధ్య రంధ్రం కూడ కారుకు సరిపోవాలి. బలవంతంగా బిగించిన చక్రం ఎప్పటికైనా ముప్పే.

కొత్త చక్రం బిగించిన పిదప బ్యాలెన్సింగ్ తప్పనిసరి. చక్రంలో ఇరుసు నుండి 20 సెంటీమీటర్ల దూరాన 20 గ్రాముల బరువు ఎక్కువైనదనుకొందాం. 80 కిలోమీటర్ల వేగంలో అది దాదాపు రెండు కిలోల బరువుతో సమానమైన బలంతో, సెకనుకు పదకొండుసార్లు చక్రాన్ని కుదుపుతుంది. స్టీరింగు వణకడానికి గల కారణాలలో ఇది ఒకటి.

చట్టం - జాగ్రత్తలు

చక్రాల మార్పు స్వంత ఇష్టానికి మాత్రమే సంబంధించినది కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన మూల లక్షణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ విషయాన్ని స్పష్టం చేసింది. ఒకే కారుకు తయారీదారే రెండు మూడు కొలతల చక్రాలను ఆమోదించి ఉండవచ్చు. వాటి పరిధిలో ఎన్నుకోవడం క్షేమకరం. టైరు గాళ్ల లోతు కారుకు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధన. గాళ్ల అడుగున ఉండే చిన్న దిమ్మెలు టైరు ఉపరితలంతో సమానమైనప్పుడు ఆ హద్దు వచ్చినట్లే.

టైరు పక్కగోడపై నాలుగు అంకెల తేదీ గుర్తు ఉంటుంది. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారయిందని అర్థం. గాళ్లు మిగిలి ఉన్నా రబ్బరు వయసు మీరితే బిరుసెక్కి పగుళ్లు వస్తాయి. పాత టైర్లు కొనేవారు ఈ అంకెలను తప్పక చూడాలి. ఒకే ఇరుసుపై రెండు రకాల టైర్లు వేయరాదు. రెండే కొత్త టైర్లు కొన్నప్పుడు వాటిని వెనుక చక్రాలకు వేయడం మంచిది. తడి రోడ్డుపై వెనుక చక్రాలు జారితే కారు గిరుక్కున తిరుగుతుంది; దానిని అదుపు చేయడం కష్టం. పెద్ద చక్రాలు వేయించినవారు స్టెప్నీని మరచిపోరాదు. ఒకవైపు పెద్ద చక్రం, మరొకవైపు చిన్న చక్రంతో దూర ప్రయాణం చేయడం హానికరం. గాలి పీడనం ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు చట్రంపై అంటించిన పట్టికలో ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు దానిని సరిచూడాలి.

ముగింపు

చక్రాన్ని మార్చడం తప్పు అని ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కర్రచక్రం దగ్గరే ఆగి ఉంటే ఎడ్ల శ్రమ తగ్గేది కాదు. గాలి టైరు లేకుంటే నేటి రవాణా ఇంతగా పెరిగేది కాదు. మార్పు వల్లనే ప్రగతి. కాని ప్రతి మార్పు ఒక చేత్తో ఇచ్చి, మరొక చేత్తో కొంత తీసుకొంటుంది. ఎత్తు ఇచ్చిన టైరు లాగుడును తగ్గించింది. పొడి రోడ్డుపై పట్టునిచ్చిన వెడల్పు వాననీటిలో దానిని హరించింది. స్టీరింగును చురుకుపరచిన సన్నని పక్కగోడ గోతి దెబ్బను రిమ్ముకు అప్పగించింది. వచ్చేదేమిటో చూసి మురిసేవారు పలువురు. పోయేదేమిటో కూడ లెక్కించి నిర్ణయించేవాడే వివేకి.

కారులో కూర్చున్నవారి ప్రాణాలు, ఎదురుగా వచ్చేవారి ప్రాణాలు, రోడ్డు దాటుతున్న పిల్లల ప్రాణాలు ఆ నాలుగు అరచేతుల మేర రబ్బరుపై ఆధారపడి ఉన్నాయి. అందం కోసం చక్రాన్ని మార్చే ముందు, కొత్త చక్రం ఎంత బాగా పరుగెత్తుతుందని మాత్రమే కాక, ఎంత దూరంలో ఆగుతుందని కూడ మనం ప్రశ్నించుకోవాలి. బీబీపేట బాటలో బండి తోలిన పెద్దలకైనా, రహదారిపై కారు నడిపే యువకులకైనా క్షేమంగా ఇల్లు చేరడమే గమ్యం. ఆ గమ్యానికి తోడ్పడేదే మంచి చక్రం.